తీగతో మొదలు: సర్ఫ్ బ్యాండు కోసం ఎలక్ట్రిక్ గిటారు తయారీ

సర్ఫ్ బ్యాండువాళ్లు గిటారు చేయించుకోవడానికి వస్తే మాట ముందుగా రంగు మీదికే వెళుతుంది. ఫలానా లేతపచ్చ కావాలి, నెక్ (గిటారు మెడ) తలకు కూడా అదే రంగు వేయాలి, బాడీ ముందు బిగించే పిక్‌గార్డు పలక తాబేటి చిప్పలా మెరవాలి అంటారు. అడగడంలో తప్పులేదు. ఆ సంగీతం ఆ రంగులతోనే పెరిగింది. తయారుచేసేవారు మాత్రం రంగు సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడగాలి: ఏ తీగలు వేస్తారు? తీగ లావు తేలితే స్కేలు పొడవు, అంటే మోగే తీగ పొడవు, తేలుతుంది. ఆ రెండూ తేలితే నెక్ ఎంత గట్టిగా ఉండాలో, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద ఎంత ఒత్తిడి పడాలో, చేత్తో నొక్కి స్వరాన్ని వంచే ట్రెమోలో స్ప్రింగును ఎంత బిగించాలో వరసగా తెలిసిపోతాయి. చాలామంది చెక్కతో మొదలుపెడతారు. నేను తీగతో మొదలుపెట్టమంటాను. వడ్రంగం పనిముట్లు పట్టడం, సోల్డరింగ్ చేయడం కొంచెం వచ్చినవారికి ఈ వివరాలు సరిపోతాయి.

ఆ ధ్వని ఎక్కడిది

1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా తీరంలో, అలల మీద తేలే సర్ఫింగు కుర్రకారు మధ్య, సర్ఫ్ అనే ఈ గిటారు సంగీతం రూపుదిద్దుకుంది. బాల్బోవాలోని రాండెవూ బాల్‌రూమ్‌లో గిటారిస్టు డిక్ డేల్ వాయిస్తుంటే వేలమంది కుర్రకారు నాట్యం చేసేవారు. ఆయన ఎడమచేతివాటం మనిషి. కుడిచేతివాళ్ల గిటారును తీగలు మార్చకుండానే తలకిందులుగా పట్టుకుని వాయించేవాడు. ఆయన వాడిన తీగలు మామూలువి కావు. అన్నిటికన్నా సన్నని తీగ 0.016 అంగుళాలు, అన్నిటికన్నా లావుది 0.058. ఆ వాయింపు వేగానికి ఆంప్లిఫయర్లు, స్పీకర్లు తట్టుకోలేక కాలిపోతుంటే, ఫుల్లర్టన్‌లోని ఫెండర్ గిటారు కంపెనీ స్థాపకుడు లియో ఫెండర్ 15 అంగుళాల స్పీకరుతో షోమన్ ఆంప్లిఫయర్ తయారుచేశాడు. 1961లో విడిగా ఒక పెట్టెలో అమర్చిన, స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే స్ప్రింగ్ రివర్బ్ యూనిట్ వచ్చింది. సర్ఫ్ గిటారులో వినిపించే ఆ తడి చప్పుడు ఈ పెట్టెదే.

గిటార్ల కథ ఇంకా విచిత్రం. 1958లో ఫెండర్ కంపెనీ జాజ్ వాద్యకారుల కోసమని, కూర్చుని వాయించడానికి వీలుగా నడుము పక్కకు జరిపిన ఆకారంతో జాజ్‌మాస్టర్ తెచ్చింది. జాజ్ వాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సర్ఫ్ కుర్రాళ్లు ఎగరేసుకుపోయారు. 1962లో పొట్టి స్కేలు జాగ్వార్ వచ్చింది. ఇంకోవైపు బేకర్స్‌ఫీల్డ్‌లో సెమీ మోస్లీ చేసిన మోస్‌రైట్ గిటార్లు 1963 నుంచి వెంచర్స్ బృందం పేరుతో అమ్ముడయ్యాయి. మీరు చేయబోయే గిటారుకు పూర్వీకులు ఇవే. ఇక్కడ జాజ్‌మాస్టర్ వంశాన్నే పట్టుకుని నడుస్తాను. సర్ఫ్‌కు కావలసిన ట్రెమోలో దానిలో ఉంది, సొంతంగా చేయడానికి కొలతలు కూడా తేలిగ్గా దొరుకుతాయి.

1. తీగలు, స్కేలు పొడవు

బ్యాండులో ఇద్దరు గిటారు వాయిస్తుంటే ఇద్దరికీ ఒకే గిటారు చేయకండి. పల్లవి మోసే వ్యక్తికి 25.5 అంగుళాల స్కేలు, వెనుక తాళం పట్టే వ్యక్తికి 24 అంగుళాల స్కేలు ఇస్తే రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. అదే తీగను అదే శ్రుతిలో 25.5 నుంచి 24 అంగుళాలకు తగ్గిస్తే బిగువు సుమారు 11 శాతం పడిపోతుంది. ధ్వని పొట్టిగా, తాళానికి అనువుగా మారుతుంది.

25.5 అంగుళాల మీద మొదటి తీగ 0.011 అయితే బిగువు 9 కిలోల దగ్గర ఉంటుంది, 0.012 అయితే పదిన్నర కిలోలు. ఒక్క తీగ మీదే ఇంత తేడా ఉంటే ఆరు తీగల మీద నెక్ మోయవలసిన బరువు ఎంత పెరుగుతుందో ఊహించండి. సర్ఫ్ వాయింపులో చేతి మణికట్టు కుట్టుమిషను సూదిలా ఆడుతుంది. సన్న తీగ ఆ దెబ్బలకు శ్రుతి తప్పి అల్లాడుతుంది. అందుకే 0.012 నుంచి 0.052 వరకు ఉన్న సెట్టును, మూడో తీగ కూడా సాదాది కాక పైన సన్నతీగ చుట్టిన రకంగా తీసుకోమని నా సలహా. 1960ల ధ్వనికి అచ్చంగా దగ్గరవ్వాలంటే పైన చదునుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయాలి. డిక్ డేల్ లావు తీగలు కావాలని పట్టుబట్టేవారికి ఒక వారం వాయించి చూడమని చెప్పండి. వేళ్లే మిగతాది చెబుతాయి.

తేలిన సంగతులన్నీ కాగితం మీద రాసి బ్యాండు చేత ఒప్పించుకోండి. తర్వాత తీగలు మారితే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాళ్ల దగ్గర్నుంచి ట్రెమోలో స్ప్రింగు దాకా మళ్లీ ముట్టుకోవాలి.

2. నిలువెత్తు నక్షా

గిటారు అసలు పరిమాణంలోనే కాగితం మీద గీయాలి. మధ్యలో ఒక గీత గీసి నట్ స్థానం, 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా దిగగొట్టే లోహపు కడ్డీ), బ్రిడ్జి స్థానం గుర్తించండి. ఫ్రెట్ల దూరానికి ఒక పాత లెక్క ఉంది. మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 25.5 అంగుళాలు అంటే 647.7 మి.మీ. దానికి మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.35 మి.మీ., రెండోది 70.67, అయిదోది 162.47, ఏడోది 215.41, పన్నెండోది సరిగ్గా సగం, 323.85. గీసేటప్పుడు ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచే కొలవండి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు కొలుస్తూ పోతే చిన్న చిన్న తేడాలు పోగై పై ఫ్రెట్లు అపశ్రుతి పలుకుతాయి.

నట్ దగ్గర వెడల్పు 42 మి.మీ., నెక్ మడమ (బాడీలోకి దిగే చివర) దగ్గర 55.6 మి.మీ. పెట్టండి. బాడీ ఆకారాన్ని 9 మి.మీ. ఎం.డి.ఎఫ్. పలక మీదికి దించి అచ్చుగా కోయండి. నెక్ గూడుకు, పికప్పుల (తీగ కదలికను కరెంటు సిగ్నలుగా మార్చేవి) గూళ్లకు, ట్రెమోలో గూడుకు వేర్వేరు అచ్చులు కావాలి. అచ్చు అంచులో ఉన్న వంకర చెక్క మీదికి యథాతథంగా దిగుతుంది కాబట్టి ఉప్పుకాగితం పని అచ్చు మీదే పూర్తిచేయండి.

ట్రెమోలో, బ్రిడ్జి, పికప్పులు చేతికి వచ్చాకే గూళ్ల కొలతలు ఖాయం చేయాలి. ఒకే పేరుతో అమ్మే విడిభాగాలు కంపెనీకో కొలతలో ఉంటాయి. వెర్నియర్‌తో మీరే కొలవండి.

3. కలప

ఆ కాలపు గిటార్లలో బాడీకి ఎక్కువగా ఆల్డర్ వాడారు. ఘనపు మీటరుకు 450 కిలోల దగ్గర తూగే తేలికైన కలప అది. మన అడితుల్లో దొరకదు, తెప్పించుకుంటే ఖర్చు. దగ్గరగా వచ్చేది నందివృక్షం కలప. మహాగని కూడా బాగుంటుంది, కాస్త బరువు. టేకు మీద మనవాళ్లకు మక్కువ ఎక్కువ. గిటారుకు మాత్రం అది బరువు ఎక్కువ, నూనె ఎక్కువ, అతుకు పెట్టే ముందు థిన్నరుతో తుడవకపోతే జిగురు పట్టదు. బొబ్బిలి వీణకు వాడే పనస కూడా పనికొస్తుంది. కాని అంత అందమైన పసుపు కర్ర మీద చిక్కటి రంగు వేసి మూసేయడానికి నాకు మనసొప్పదు. రంగు వేసే గిటారుకు చారలు బాగోలేని చెక్క చాలు, అది తేలికగా, ఎండిపోయి, వంపు లేకుండా ఉంటే.

ముడులు, చీలికలు, పురుగు తొలిచిన రంధ్రాలు లేని చెక్క ఎంచుకోండి. అడితిలో తేమ కొలిచే మీటరు ఉంటే 12 శాతం లోపు చూపించాలి. అప్పుడు కూడా వెంటనే కోయవద్దు. ఇంట్లో, గాలి ఆడేలా బద్దల మీద పేర్చి కొన్ని వారాలు వదిలేయండి. సముద్రతీరం ఊళ్లలో ఇంకాస్త ఎక్కువ.

నెక్‌కు మేపుల్ తెప్పించుకోవడమే మంచిది. ఇక్కడ ఆదా చేయవద్దు. లావు తీగల బరువంతా దాని మీదే పడుతుంది. నెక్ మీద వేళ్లు ఆనే పలక, ఫింగర్‌బోర్డుకు మాత్రం దూరం పోనక్కర్లేదు. మనం ఇరుగుడు అనే భారతీయ రోజ్‌వుడ్‌ను ప్రపంచమంతటా గిటార్ల కోసం కొంటున్నారు. బిల్లు భద్రంగా ఉంచుకోండి. 2017 జనవరి నుంచి ఈ జాతి కలపలన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చాయి. 2019 నవంబరులో పూర్తయిన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. అయినా గిటారును విదేశాలకు పంపాలనుకుంటే అప్పటి నియమాలు చూసుకోవాలి.

4. బాడీ కోయడం

వెడల్పు చెక్క దొరక్కపోతే రెండు పలకలు అతకండి. అంచులు రెండూ చిత్రిక పట్టి, వెలుతురుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చూడాలి. మధ్యలో కాంతి గీత కనబడితే ఇంకా పని ఉన్నట్టు. జిగురు వేసి క్లాంపులు బిగించాక రాత్రంతా కదపవద్దు.

మందం 44.5 మి.మీ.కి తెచ్చి, జిగ్‌సాతో గీతకు 2 మి.మీ. బయటగా కోసి, ఆ మిగిలిన అంచును అచ్చు ఆధారంగా రౌటరుతో తీసేయండి. ఒక్కసారి 5 మి.మీ. కంటే లోతుకు దించవద్దు. కొమ్ముల చివర్లలో చారలకు ఎదురుగా రౌటరు నడిస్తే చెక్క పెచ్చు ఊడుతుంది. అక్కడ దిశ మార్చుకుని, కొంచెం కొంచెంగా గోకినట్టు తీయాలి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

నెక్ గూడు లోతు 15.9 మి.మీ. దాన్ని కొద్దిగా బిగువుగా వదిలి, చివరికి ఉలితో సరిచేయండి. నెక్‌ను గూట్లో పెట్టి బాడీని గాల్లోకి లేపితే స్క్రూలు లేకుండానే అంటిపెట్టుకుని ఉండాలి. రంగు పొరల మందానికి చోటు కావాలని మాత్రం మర్చిపోవద్దు. మిగతా గూళ్లకు అంత పట్టింపు లేదు, పిక్‌గార్డు కప్పేస్తుంది.

5. నెక్

మేపుల్ దిమ్మ చారలు నిటారుగా, నెక్ పొడవునా తిన్నగా సాగాలి. పక్కకు పారిపోయే చారలున్న చెక్క ఎంత మెరిసినా వద్దు. ముందు ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపును సరిచేసే కడ్డీ) గాడి. రెండు వైపులా పనిచేసే రాడ్ తీసుకోండి, చాలావాటికి 6 మి.మీ. వెడల్పు, 9 మి.మీ. లోతు గాడి సరిపోతుంది. రాడ్ లోపల కదలకూడదు, కదిలితే కొన్ని స్వరాల దగ్గర గలగలమంటుంది. ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడం మహా చిరాకు.

ఫింగర్‌బోర్డు పలక 6 మి.మీ. మందం చాలు. అంటించకముందే ఫ్రెట్ల గాళ్లు కోయండి. సన్న పళ్ల రంపం, పక్కన గట్టి చెక్క దిమ్మ ఆనించి, గాడి వెడల్పు సుమారు 0.6 మి.మీ. వచ్చేలా చూడాలి. మామూలు రంపంతో కోస్తే గాడి వెడల్పై ఫ్రెట్ నిలవదు. అంటించేటప్పుడు జిగురు ట్రస్ రాడ్ గాడిలోకి కారకుండా రాడ్ మీద సన్నని టేపు వేసి, జిగురు వేశాక దాన్ని లాగేయండి. పలక జారకుండా రెండు చివర్లలో చిన్న మేకులు సగం దిగగొట్టి, ఆరాక పీకేయాలి.

ఫింగర్‌బోర్డు పై వంపు పాతకాలం గిటార్లలో 7.25 అంగుళాల వ్యాసార్ధంతో ఉండేది. ఈ వంపు మీద తీగను పక్కకు లాగి స్వరం పెంచితే పై ఫ్రెట్లకు తగిలి నోరు మూసుకుంటుందని ఫిర్యాదు. సర్ఫ్‌లో ఆ లాగుడు తక్కువ, స్వరాన్ని వంచే పని ట్రెమోలో చేయి చూసుకుంటుంది. కాబట్టి 7.25 పెట్టినా నష్టం లేదు. ఇతర సంగీతం కూడా వాయించేవారికి 9.5.

నెక్ వెనుక గుండ్రం ఆకురాయితో, గోకుడు రేకుతో తీయాలి. మొదటి ఫ్రెట్ దగ్గర 21 మి.మీ., పన్నెండో ఫ్రెట్ దగ్గర 23 మి.మీ. మందం నుంచి ఇంకా సన్నం చేయవద్దు. సన్న నెక్ అడిగేవారుంటారు. 0.012 తీగలు అడిగిన నోటితోనే సన్న నెక్ కూడా అడిగితే రెండింట్లో ఒకటి ఎంచుకోమనండి.

6. ఫ్రెట్లు

ఫ్రెట్ తీగను ఫింగర్‌బోర్డు వంపు కంటే కాస్త ఎక్కువ వంచి కోసుకోండి. గాడి పై అంచును మూడుపలకల ఆకురాయితో ఒక్కసారి తాకిస్తే ఫ్రెట్ సులువుగా దిగుతుంది, మున్ముందు పీకవలసి వచ్చినా చెక్క చిట్లదు. ముందు రెండు చివర్లు, తర్వాత మధ్య. సుత్తి దెబ్బ చప్పుడు వింటూ ఉండండి. ఫ్రెట్ ఇంకా గాల్లో ఉన్నంతసేపూ చప్పుడు డొల్లగా ఉంటుంది, చెక్కకు ఆనగానే ఒక్కసారి బిగుసుకుని ‘టక్’ మంటుంది. ఆ మార్పు వినబడ్డాక ఇంకో దెబ్బ వేయకండి, వేస్తే మధ్య లేస్తుంది.

ఇరవయ్యొక్క ఫ్రెట్లూ దిగాక ట్రస్ రాడ్ తిప్పి నెక్‌ను తిన్నగా చేసి, ఫ్రెట్ల తలల మీద మార్కరుతో నల్లగా పూసి, చదునైన ఉక్కు పట్టీకి ఉప్పుకాగితం అంటించి తేలిగ్గా పామండి. నలుపు అన్నిటి మీదా చెరిగితే మట్టం కుదిరినట్టు. చదునైన తలలను మళ్లీ గుండ్రం చేసి, సన్న ఉక్కుపీచుతో మెరుగుపెట్టండి. అడుగు తీగ వైపు ప్రత్యేకంగా చూడాలి. సర్ఫ్ వాయింపులో ఆ ఒక్క తీగ మీదే నెక్ కింది నుంచి పైదాకా జారడం మామూలు. అక్కడ ఒక్క ఫ్రెట్ లేచి ఉన్నా వెంటనే వినబడుతుంది.

7. నెక్ కోణం, బ్రిడ్జి, ట్రెమోలో

గిటారు సర్ఫ్ పలుకుతుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. జాజ్‌మాస్టర్ బ్రిడ్జి మీద జనం పెట్టే ఫిర్యాదు ఒక్కటే: గట్టిగా మీటితే తీగ జీను (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) గాడి దాటి పక్కకు దూకుతుంది, లేదా లోపల పురుగు దూరినట్టు జర్రుమంటుంది. బ్రిడ్జిని తిట్టి మార్చేస్తారు. ఆ బ్రిడ్జి తయారైంది లావు తీగల కోసం. తీగ బ్రిడ్జి మీదుగా కిందికి వంగే కోణం చాలకపోతే అదుముడు చాలదు, తీగ ఎగురుతుంది.

ఆ అదుముడు పెంచే మార్గం నెక్‌ను కొద్దిగా వెనక్కి వంచడం. నెక్ మడమ బ్రిడ్జి వైపు అంచు కొద్దిగా పైకి లేవాలి. 76 మి.మీ. పొడవున్న గూట్లో ఆ చివర 1.3 మి.మీ. లేపితే ఒక డిగ్రీ కోణం వస్తుంది. ఫింగర్‌బోర్డు తలాన్ని బ్రిడ్జి దాకా పొడిగించి చూస్తే అక్కడ అది సుమారు 4.5 మి.మీ. పైకి పోతుంది. అంటే బ్రిడ్జిని కూడా అంత ఎత్తుకు లేపాలి. బ్రిడ్జి ఎత్తైతే వెనుక తీగ వంగే కోణం పెరుగుతుంది, జీను మీద ఒత్తిడి పెరుగుతుంది. పాతకాలంలో గూట్లో ఒక అట్టముక్క పెట్టి ఈ పని కానిచ్చేవారు. మనం మొదటి నుంచీ చేస్తున్నాం కాబట్టి గూడు అడుగునే ఒక డిగ్రీ వాలుగా తీయవచ్చు. రౌటరు అచ్చు కింద, గూటి బ్రిడ్జి వైపు చివర, 1.3 మి.మీ. బద్ద పెడితే చాలు. లేదా గూటి అంత పొడవున్న, ఒక చివర సున్నాకు పలచబడే మేపుల్ బద్ద చిత్రిక పట్టి వేయండి. అట్టముక్క వద్దు, దాని వెనుక ఖాళీ మిగిలి నెక్ ఏళ్ల తరబడి అక్కడ కుంగుతుంది.

బ్రిడ్జి స్తంభాలకు రంధ్రాలు వేసే ముందు నెక్‌ను తాత్కాలికంగా బిగించి, మొదటి తీగ, ఆరో తీగ వెళ్లే దారుల్లో నట్ నుంచి బ్రిడ్జి దాకా కుట్టుదారం లాగి చూడండి. రెండు వైపులా ఫింగర్‌బోర్డు అంచుకూ దారానికీ మధ్య దూరం సమానంగా ఉందా? లేకపోతే బ్రిడ్జిని అటో ఇటో జరిపి గుర్తుపెట్టండి. కాగితం మీద గీసిన మధ్యగీత కన్నా ఈ దారం మాటే నమ్మాలి. పొడవు వైపు చూస్తే, మొదటి తీగ జీను దాదాపు 647.7 మి.మీ. దగ్గర, ఆరో తీగ జీను దానికి మూడు నాలుగు మి.మీ. వెనుక నిలిచేలా ఉండాలి. లావు తీగలకు ఈ వెనకడుగు ఎక్కువ కావాలి. జీనుల మరలు ఇంకా వెనక్కి పోయేలా చోటు మిగల్చండి.

అసలు రకం బ్రిడ్జి రెండు సూదిమొనల మీద నిలబడి ట్రెమోలోతోపాటు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇది లోపం అనుకుని కొందరు బిగించేస్తారు. ఊగితేనే తీగ జీను మీద రాసుకోదు, శ్రుతి తిరిగి చోటికి వస్తుంది. స్తంభాలు మరీ వదులైతే చుట్టూ ఒక చుట్టు టేపు వేయండి, అంతే. జీనుల మీద సన్న మరగాళ్లు ఉన్న రకం బదులు ఒక్కో తీగకు ఒకే ఒక లోతైన గాడి ఉన్న రకం వేసుకుంటే తీగ దూకే బాధ తీరుతుంది. ఈ ఒక్క మార్పుకు నా ఓటు.

ట్రెమోలో పలకను బ్రిడ్జికి ఎంత దూరంలో పెట్టాలన్నది రుచిని బట్టి. దగ్గరికి తెస్తే కోణం పెరిగి తీగ నిలకడగా ఉంటుంది. పాత దూరంలోనే ఉంచితే బ్రిడ్జి వెనుక మిగిలిన తీగ ముక్కలు కూడా సన్నగా మోగుతాయి. ఆ మోత రివర్బ్‌లో పడి వింత తళుకు ఇస్తుంది. పల్లవి గిటారుకు దూరం, తాళం గిటారుకు దగ్గర అని నేను ఎంచుకుంటాను.

8. రంగు

ఫెండర్ ఆనాడు వాడిన ప్రత్యేక రంగులు కార్ల రంగులే. డూపాంట్ కంపెనీ కార్లకు అమ్మిన డబ్బాలనే గిటార్లకు చల్లారు. మన దగ్గర వడ్రంగులూ కారు షెడ్డువాళ్లూ ఇప్పటికీ డుకో అని పిలిచేది ఆ కంపెనీ లక్క రంగు పేరే. కాబట్టి నమూనా కాగితం పట్టుకుని కార్ల పెయింటు దుకాణానికి వెళ్లండి, సర్ఫ్ పచ్చ కలిపి ఇస్తారు. నైట్రోసెల్యులోజ్ రకం అడగండి.

మహాగని, నందివృక్షం రెండింటికీ రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి. ముందు పూడిక పూసి, ఆరాక 240 నెంబరు ఉప్పుకాగితంతో రుద్ది, సీలరు, తర్వాత తెల్ల ప్రైమరు, మళ్లీ 400 నెంబరు రుద్దుడు. రంగు పలచగా మూడు నాలుగు పూతలు, పైన పారదర్శక లక్క ఆరేడు పూతలు. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య గంటసేపు ఆగండి. వానాకాలంలో, ఉక్కగా ఉన్న రోజున చల్లితే పైపూత లోపల తేమ చిక్కుకుని తెల్లగా పాలిపోతుంది. ఆ రోజు పని ఆపేయడమే మేలు, తప్పనప్పుడు నిదానంగా ఆరే థిన్నరు కలపాలి. గాలి ఆడే చోట, ఆవిరిని ఆపే మాస్కుతో, మంటకు దూరంగా చల్లండి.

చివరి పూత తర్వాత మూడు వారాలైనా ముట్టుకోకుండా వేలాడదీయండి. గోరు నొక్కితే గుర్తు పడకూడదు. అప్పుడే నీళ్లతో 1500, 2000 నెంబర్లు రుద్ది, కాంపౌండుతో మెరుగు. నెక్ తలకు అదే డబ్బాలోని రంగు. నెక్ గూడు అడుగున మాత్రం రంగు పడకుండా టేపు వేయండి.

9. పికప్పులు, వైరింగ్

జాజ్‌మాస్టర్ పికప్ వెడల్పుగా, పలచగా ఉంటుంది. 42 గేజి రాగి తీగను అల్నికో 5 అయస్కాంతపు కడ్డీల చుట్టూ ఎనిమిది వేల చుట్ల పైచిలుకు చుడితే 7.5 నుంచి 8 కిలో ఓమ్‌ల మధ్య నిరోధం వస్తుంది. సొంతంగా చుట్టలేనివారు కొనుక్కోవచ్చు. రెంటిలో ఒక పికప్‌ను తిరగేసిన చుట్టుతో, తిరగేసిన ధ్రువంతో తీసుకోండి. రెండూ కలిపి వాయించినప్పుడు కరెంటు రొద చాలావరకు తెగిపోతుంది. దిక్సూచిని దగ్గర పెడితే ధ్రువం తెలుస్తుంది.

పికప్‌ను మైనంలో ముంచడం మానవద్దు. పారాఫిన్ నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు, నీళ్ల గిన్నెలో పెట్టిన ఇంకో గిన్నెలో కరిగించి, 65 డిగ్రీలు దాటకుండా చూస్తూ బుడగలు ఆగేదాకా ముంచి ఉంచాలి. నేరుగా పొయ్యి మీద మైనం కరిగించకండి, అంటుకుంటుంది. వదులు చుట్లు మిగిలిపోతే పెద్ద ధ్వనిలో పికప్ కీచుమంటుంది.

వాల్యూమ్, టోన్ రెండింటికీ ఒక మెగా ఓమ్ పాట్లు (గుండీతో తిప్పే నిరోధకాలు) వేయండి. సర్ఫ్ ధ్వనిలోని మెరుపు అక్కడి నుంచే వస్తుంది. 250 కిలో ఓమ్‌లు వేస్తే ధ్వని ముసుగు కప్పుకున్నట్టు ఉంటుంది. టోన్ కెపాసిటర్ 0.03 మైక్రోఫారడ్. తాళం గిటారుకు జాగ్వార్‌లో ఉన్న మీట ఒకటి అమర్చితే బాగుంటుంది. 0.003 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా సిగ్నల్ పోయి అడుగు స్వరాలు సన్నబడతాయి, బాస్ గిటారుకు చోటు దొరుకుతుంది.

గూళ్లన్నిటికీ లోపల రాగి రేకు టేపు అంటించి, అతుకుల మీద సోల్డరు చుక్కలు వేసి, మల్టీమీటరుతో ఒక మూల నుంచి ఇంకో మూలకు కలిసిందో లేదో చూడండి. ట్రెమోలో పలకకూ ఎర్త్ తీగ వెళ్లాలి. సర్ఫ్‌కు ఈ జాగ్రత్త మరీ అవసరం. రివర్బ్ యూనిట్ గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉంటుంది కాబట్టి గిటారు రొద ఏదైనా స్ప్రింగుల్లో పడి రెండింతలై బయటికొస్తుంది.

10. అమరిక

నట్ గాళ్లు తీగ లావును బట్టి ఒక్కొక్కటీ విడిగా తీయాలి. ఎముక గాని గ్రాఫైట్ గాని వాడండి. గాడి అడుగు గుండ్రంగా, తల వైపు వాలుగా ఉండాలి. మూడో ఫ్రెట్ మీద నొక్కి చూస్తే మొదటి ఫ్రెట్ పైన తీగకు వెంట్రుకంత ఎడం మిగలాలి. శ్రుతి చేస్తుంటే నట్ దగ్గర ‘టింగ్’ మని వినబడితే తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టు. ఇంకొంచెం వెడల్పు చేసి, పెన్సిలు పొడి వేయండి.

మొదటి, చివరి ఫ్రెట్లను నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ పైన ఫీలర్ గేజితో 0.2 మి.మీ. ఖాళీ ఉండేలా ట్రస్ రాడ్ సరిచేయండి. పన్నెండో ఫ్రెట్ మీద మొదటి తీగ 1.8, ఆరో తీగ 2.2 మి.మీ. ఎత్తు. దీనికంటే కిందికి దించమంటే ఒప్పుకోవద్దు, గట్టి మీటుకు జర్రుమంటుంది. తర్వాత జీనులు ముందుకూ వెనక్కూ జరిపి, పన్నెండో ఫ్రెట్ స్వరం దాని పై హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా అక్కడే తేలిగ్గా తాకి మీటితే వచ్చే స్వరంతో) కలిసేదాకా సరిచూడండి.

ట్రెమోలో పలక మీద ఉన్న తాళం (లాక్) మీట చాలామంది ముట్టుకోరు. దాని పని ఇది: ట్రెమోలో వదులుగా ఉన్నప్పుడు గిటారును శ్రుతి చేయండి. ట్రెమోలో చేతిని (కడ్డీని) కొంచెం కిందికి నొక్కి మీటను తాళం వైపు జరపండి. చేయి వదిలాక శ్రుతి తగ్గి ఉంటే స్ప్రింగు స్క్రూను వదులు చేయాలి, పెరిగి ఉంటే బిగించాలి. తాళం వేసినా తీసినా శ్రుతి మారని చోటు దొరికేదాకా శ్రుతి, స్క్రూ మార్చి మార్చి సరిచేస్తూ రండి. అది దొరికితే కచేరీ మధ్యలో ఒక తీగ తెగినా, మీట జరిపి మిగతా అయిదు తీగలతో పాట ముగించవచ్చు.

పరీక్షకు రివర్బ్ బాగా పెంచి, కుడి అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి అడుగు తీగను పొట్టిగా మీటండి. ఒక్కో దెబ్బకూ నీటిబొట్టు పడ్డట్టు విడివిడిగా చిలకాలి. మొద్దుగా కలిసిపోతే బ్రిడ్జి వైపు పికప్‌ను అర మి.మీ. కిందికి దించి మళ్లీ వినండి. అయస్కాంతం లావు తీగను లాగి పట్టుకోవడం వల్ల కూడా ఇలా అవుతుంది.

గిటారు ఇచ్చి పంపేటప్పుడు రెండు మూడు వారాలకు మళ్లీ తీసుకురమ్మనండి. కొత్త చెక్క తీగల బరువుకు సర్దుకుని నెక్ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ట్రస్ రాడ్ పావు చుట్టు, నెక్ స్క్రూలు ఒక్కో బిగింపు, బ్రిడ్జి ఎత్తు మళ్లీ ఒకసారి. తెచ్చినప్పుడు తీగలు ఏవి వేసుకొచ్చారో ముందు చూడండి.